రెండు అంగళ్ల వారం

వైశాలికి ఎనిమిదేళ్లు. రెండేళ్ల కింద ఒక పొద్దున లేచి నడవలేక గోడ పట్టుకుంది. పిల్లలకు కూడా కీళ్లవాపు జబ్బు వస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు. వికారాబాద్ డాక్టరమ్మ రాసిన పసుపు గోలీలు వారానికి ఒక్కసారే, నాలుగు వేయాలి. చిన్నవే, కానీ నోట్లో పెట్టగానే ఉమ్మేసేది. బెల్లం ముక్క చూపించి, బతిమాలి మింగించేదాన్ని.

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. చీటీ మీది ఇంగ్లీషు రాదు. తాండూరులో మా గల్లీ పక్కన ప్రతి ఆదివారం అంగడి, అంటే సంత, జరుగుతుంది, అదే నాకు గుర్తు. కూరగాయల సంచి పట్టుకునే ముందు గోలీలు వేసేదాన్ని. ఒక్క వారం తప్పలేదు. మోకాళ్ల వాపు తగ్గింది. మొన్న సంక్రాంతి ముందు బడిలో కబడ్డీ కూడా ఆడింది.

ఈ ఎండాకాలం అత్తమ్మకు కంటి ఆపరేషన్ అయింది. నేను కదల్లేక, సెలవులకు వైశాలిని పరిగి దగ్గరి ఊళ్లో ఉండే మా అమ్మ అనసూయమ్మ దగ్గరికి పంపాను. నెలకు సరిపడా పదహారు గోలీలు ఇచ్చాను.

"అంగడి నాడు పొద్దున, తిన్నంక నాలుగు ఎయ్యమ్మా. మర్చిపోకు."

"నిన్ను సాకినదాన్ని, నా మనుమరాలికి గోలి ఎయ్యరాదా నాకు? ఫికర్ చెయ్యకు."

పదిహేనో రోజు అమ్మ ఫోన్ చేసింది.

"గోలీలు అయిపోయినయే. ఇంకిన్ని పంపు."

"నెలకిచ్చిన గదమ్మా. ఎట్ల అయిపోతయి?"

"నువ్వు చెప్పినట్టే ఏసిన. బేస్తారం అంగడికి నాలుగు, ఐతారం అంగడికి నాలుగు. పిల్లకు జర నోరు పొక్కింది. ఎండకు ఏడి చేసినట్టుంది, మజ్జిగ తాపుతున్న."

వాళ్ల ఊళ్లో అంగడి లేదు. గురువారం ఒక ఊరికి, ఆదివారం ఇంకో ఊరికి పోతారు. అక్కడే పుట్టి పెరిగిన నాకు అది గుర్తు రాలేదు.

మా ఆయన ప్రవీణ్ ఆ పూటే వెళ్లి తీసుకొచ్చాడు. నాలుక నిండా పుండ్లు. నీళ్లు కూడా మింగలేకపోతోంది. వికారాబాద్‌లో రక్త పరీక్ష కాగితం చూసి డాక్టరమ్మ నా వైపు తిరిగింది.

"వారానికి ఒక్కసారని ఎన్నిసార్లు చెప్పానమ్మా?"

"మా అమ్మ తప్పు కాదు మేడం. నేను వారమని చెప్పలే. అంగడని చెప్పిన."

విరుగుడు మందు ఇచ్చి నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉంచారు. రక్తం మళ్లీ బాగయ్యేదాకా ఆ గోలీలు ముట్టుకోవద్దన్నారు.

"మరి కాళ్లు, మేడం?"

"ముందు రక్తం బాగుపడనీ. తర్వాత చూద్దాం."

మూడు వారాలైంది. పుండ్లు మానాయి. రక్తం ఇంకా బాగుపడలేదట. మోకాళ్లు మళ్లీ ఉబ్బాయి. అమ్మ రోజూ ఫోన్ చేస్తుంది, "నడిచిందా?" అని అడుగుతుంది. ఇంకా లేదమ్మా అంటే పెట్టేస్తుంది.

ఇవాళ ఆదివారం. అంగడి మైకుల చప్పుడు విని వైశాలి మంచం మీంచి పిలిచింది.

"అమ్మా, ఇయ్యాల అంగడి గదా. గోలి ఇయ్యవా?"

"ఇయ్యాల వద్దు బిడ్డా."

"ఉమ్మెయ్య. బెల్లం గూడ అడగ. ఇయ్యి."

వచ్చే నెలకని ముందే కొన్న గోలీలు అల్మారాలో ఉన్నాయి. సంచి కింద పెట్టి, వేడినీళ్ల గుడ్డ పిండి దాని మోకాలి మీద వేశాను. అది నోరు తెరిచే ఉంచింది.