కాగితంలో లేని ప్రశ్న

మా అమ్మాయికి పదమూడేళ్ళు. ఎడమ కనుబొమ్మ సగం లేదు. తనే పీక్కుంది. చదువుకుంటున్నా, టీవీ చూస్తున్నా చెయ్యి దానంతటదే పైకి వెళ్ళిపోయేది. ఎవరో పిల్లను ఏదో చేసి ఉంటారని నా అనుమానం. నాకు ఎప్పుడూ ముందు చెడ్డదే తోస్తుంది. మా ఆయన ఫోన్ ఎత్తకపోతే చాలు, ఆస్పత్రి వార్డు కళ్ళముందు కనిపిస్తుంది.

స్కూలువాళ్ళు చెబితే హిప్నోథెరపీ చేసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. గొలుసు ఊపి నిద్రపుచ్చుతారనుకున్నాను. గదిలో ఒక వాలుకుర్చీ, ఒక నీళ్ళ సీసా, అంతే.

"ఇది నిద్ర కాదమ్మా. పుస్తకంలో మునిగిపోతే చుట్టూ ఏం జరుగుతున్నా పట్టదు చూడండి, అలాంటిది. తనకు అన్నీ వినిపిస్తాయి. ఇష్టం లేకపోతే లేచిపోగలదు కూడా," అన్నారావిడ.

తలూపాను గానీ నమ్మలేదు.

పిల్ల కళ్ళు మూసుకుని మనసులో పది మెట్లు దిగాలి. కింద తనకు హాయిగా ఉండే చోటు. అక్కడ చెయ్యి బరువెక్కి, వెచ్చగా ఒళ్ళో వాలిపోవాలి. ఆ చోటును పిల్లే ఎంచుకుంది. నేను కుట్టుపని చేసే బట్టల దుకాణంలో, తానుల వెనక, చిన్నప్పుడు తను పడుకునే మూల! ఆ మాట విని నేను ఎంత పొంగిపోయానో.

మూడు వారాలకు కనుబొమ్మ మీద నూగు మొలిచింది. ఇంట్లో చదివి వినిపించమని డాక్టరమ్మ ఒక కాగితం ఇచ్చారు.

"ఉన్నది ఉన్నట్టే చదవండి. సొంతంగా ఒక్క ముక్క కూడా కలపొద్దు."

"కష్టమేనండీ," అన్నారు మా ఆయన. "పాల ప్యాకెట్ మీది తారీఖు చదివినా ఈవిడ నాలుగు ముక్కలు కలుపుతుంది."

ఆదివారం మధ్యాహ్నం చదివాను. పదో మెట్టు దిగేసరికి పిల్ల ముఖం పసిపాపలా మెత్తబడింది. ఆ స్థితిలో అడిగితే ఎవరూ అబద్ధం చెప్పలేరటే అని మా అక్క ఎప్పుడో అంది. అదే బుర్రలో తిరుగుతోంది. కాగితం పక్కన పెట్టేశాను.

"తల్లీ, నిన్నెవరైనా ఏమైనా చేశారా? పేరు చెప్పు. ఆ సైన్సు మాస్టారేనా?"

ఆ మాస్టారి గురించి నాకేమీ తెలియదు. ఒకసారి పిల్ల నోటుబుక్కు మీద ఎర్రసిరాతో గట్టిగా గీశాడు, అంతే.

పిల్ల కళ్ళు తెరిచింది. "అది కాగితంలో లేదు."

"నిద్రలో ఉన్నావనుకున్నానే..."

"నిద్ర కాదని చెప్పారుగా! నన్నెవరూ ఏమీ చెయ్యలేదమ్మా. నీకే ఎవరో ఒకరు దొరకాలి."

"ఏంటి గొడవ?" అంటూ ఆయన వచ్చారు.

"ఏం లేదు నాన్నా. అమ్మ పోలీసు ఉద్యోగంలో చేరింది."

ఆ తర్వాత పిల్ల మెట్లు దిగలేకపోయింది. "దిగితే తానుల వెనక నువ్వు నిలబడి ఉంటున్నావు. నీ పక్కన మాస్టారు," అంది. వారం తిరిగేసరికి ఆ నూగంతా పోయింది.

మళ్ళీ వెళ్ళినప్పుడు డాక్టరమ్మ కనుబొమ్మ చూసి, "ఇంట్లో ఏమైనా జరిగిందా?" అని అడిగారు. నేను నోరు మెదపకపోతే వైద్యం పారలేదనుకుంటారు. ఆ ఆలోచన కూడా వచ్చింది నాకు. పిల్ల నావైపు చూసి తల దించుకుంది. నన్ను పట్టివ్వడం దానికి ఇష్టం లేదు. అది చూశాక నేనిక ఆగలేకపోయాను.

"నేనే పాడుచేశానండీ," అని మాస్టారి మాటతో సహా మొత్తం చెప్పేశాను.

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పిల్లవైపు తిరిగి, "అమ్మ మీద కోపం ఉంటే ఉండనీ, తప్పు లేదు. మనం కొత్త చోటు చూసుకుందాం. అదెక్కడో అమ్మకు చెప్పక్కర్లేదు," అన్నారు.

నలభై నిమిషాలు తలుపు బయట కూర్చున్నాను. లోపల నా కూతురు నేను లేని చోటు వెతుక్కుంటోంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అది కిటికీ పక్కన కూర్చుంది.

"తప్పు నాదే తల్లీ."

"తెలుసు."

రెండు స్టాపులు దాటాయి. నా నాలుక ఊరుకుంటేనా!

"ఎక్కడని అడగనులే. ఒక్కటి చెప్పు. అక్కడ నీళ్ళూ గట్రా లేవు కదా? నీకు ఈత రాదు."

పిల్ల నన్ను వింతగా చూసింది. నవ్వు తన్నుకొస్తుంటే పెదవి కొరుక్కుంది. "లేవు. ఇంకేం అడక్కు."

అడగలేదు. కాసేపటికి దాని చెయ్యి కనుబొమ్మ దాకా లేవడం ఓరగా కనిపించింది. దిగుతుందో లేదో తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుపోయింది. ముఖం తిప్పేసుకుని, ముందు సీటు వెనక ఎవరెవరో గీకిన రాతలు చదువుతూ కూర్చున్నాను.