వెర్నర్ గాలం కర్ర

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం జ్ఞానకుమారి డ్యూటీ నుంచి వస్తూ పొడవాటి గుడ్డసంచి ఒకటి చంకలో పెట్టుకొచ్చింది. ఆమె జర్మనీలో ఇల్మెనౌ అనే ఊళ్ళో వృద్ధుల హోమ్‌లో నర్సు. అక్కడి పెద్దవాళ్ళ చొక్కాలకు బొత్తాలు కుట్టడానికో, కళ్ళజోడు మర బిగించడానికో ఏదో ఒకటి ఇంటికి పట్టుకురావడం ఆమెకు అలవాటే. అందుకని ఆమె భర్త జయసాగర్ పెద్దగా పట్టించుకోలేదు. ఆమె సంచి విప్పి లోపలున్నవి వంటగది బల్లమీద పరిచేసరికి మాత్రం టీ కప్పు పక్కన పెట్టేశాడు.

"ఇది వెదురేనా అండీ?" అంది జ్ఞానకుమారి.

"వెదురే."

పాతకాలం గాలం కర్ర అది. మూడు ముక్కలు. ఆరేసి సన్నని బద్దలు అతికి ఒక్కో ముక్క చేశారు. ఏ బద్ద ఎక్కడ మొదలైందో కంటికి ఆనదు. ఇత్తడి కీళ్ళు నల్లబడిపోయాయి. చివరి ముక్క కొసకు జానెడు దూరంలో విరిగి ఉంది. పిడి దగ్గర జిగురు చచ్చిపోయి, బద్దలు గొడుగు ఊచల్లా విచ్చుకున్నాయి.

"పన్నెండో రూములో హెర్ క్రౌస్ గారని చెప్పాను చూడండి. మాటా పలుకూ లేదు, కుడిచెయ్యి మాత్రం ఊరికే ఇలా ఆడిస్తుంటారని. ఏదో జబ్బు లక్షణమే అనుకున్నాం. నిన్న వాళ్ళమ్మాయి లిండా గారు చూసి ఏడ్చేసింది. నాన్న గాలం విసురుతున్నాడు, అంది. ఈ కర్ర వాళ్ళ షెడ్డులో ఉందంట. బాగుచేసేవాళ్ళు ఎక్కడో బవేరియాలో ఉన్నారంట, ఏడాది ఆగాలంట. ఆయనకి అంత టైము లేదు కదా. మా ఆయన చేస్తారని చెప్పేశాను."

"నన్నడక్కుండానే?"

"అడిగితే ఒప్పుకునేవారా?"

ఒప్పుకునేవాడు కాదు. జయసాగర్‌ది పాలకొల్లు దగ్గర ఊరు. తండ్రి యేసుపాదం మేదరి. చేపల గంపలూ తట్టలూ చాటలూ అల్లి నలుగురు పిల్లల్ని పెంచాడు. పదిహేడో ఏట పాలిటెక్నిక్‌లో సీటు రాగానే జయసాగర్ మేదరకత్తి చూరులో దోపి, మళ్ళీ ముట్టుకోలేదు. బడిలో 'తట్టలోడి కొడుకు' అని పిలిపించుకున్నది చాలనుకున్నాడు. జర్మనీ వచ్చాక ఆ డిప్లొమా ఇక్కడ చెల్లదని తేలి, గాజు సామాన్ల గోదాములో ప్యాకింగ్ పనికి కుదిరాడు. నాన్న పనేమిటని చర్చిలో తెలుగువాళ్ళు అడిగితే చిన్న వ్యాపారమని చెప్పేవాడు.

యేసుపాదం పోయి రెండేళ్ళయింది. ఆ వారంలో జయసాగర్ తన వీసా కార్డు రెన్యువల్‌లో ఉందనీ, కార్డు లేకుండా దేశం దాటితే తిరిగి రానివ్వరనీ ఊళ్ళో అందరికీ చెప్పాడు. పెద్దక్క సువార్త ఫోన్లోనే సమాధి చూపించింది. నిజానికి కార్డు అంతకు పది రోజుల ముందే వచ్చింది. అప్పటికి గోదాములో కొత్తగా చేరి నెలన్నర. ప్రొబేషన్‌లో పది రోజులు సెలవడిగితే తీసేస్తారేమోనని భయపడ్డాడు. అసలు అడిగి చూడనేలేదు. ఈ సంగతి జ్ఞానకుమారికి తెలుసు. తెలిసీ రెండేళ్ళలో ఒక్కసారీ ఎత్తలేదు.

మర్నాటి నుంచి అతను డ్యూటీ దిగగానే కర్ర తీసుకుని అపార్ట్‌మెంట్ కింద నేలమాళిగలోకి దిగేవాడు. వాషింగ్ మెషీన్ల పక్కన చిన్న బల్ల వేసుకున్నాడు. పాత జిగురు వేణ్ణీళ్ళ గుడ్డతో నానబెట్టి, గోకి, విచ్చుకున్న బద్దల్ని తిరిగి దగ్గరికి చేర్చి జిగురు పూశాడు. నూలుదారంతో మెలిక మెలికకూ బిగించి, వంకర పోకుండా కింద ఇటుక కట్టి వేలాడదీశాడు. విరిగిన కొసకే కష్టమైంది. సంతలో మరో పాత కర్ర దొరికితే దాన్ని విడదీసి, ఆరు బద్దలు అగ్గిపుల్లకంటే సన్నగా చెక్కాల్సి వచ్చింది. మొదటి నాలుగుసార్లూ కణుపు దగ్గర చీలిపోయాయి. ఐదోసారి తనకు తెలియకుండానే కత్తి ఆపి, బొటనవేలి గోరు కణుపుమీద పెట్టి చూశాడు. కత్తికంటే ముందు గోరు వెళ్ళాలిరా అనేవాడు యేసుపాదం. ఆ బద్ద చీలలేదు. జయసాగర్ దాన్ని బల్లమీద పెట్టి, మెషీను తిరగడం ఆగిపోయేదాకా అలా కూర్చుండిపోయాడు.

ఏప్రిల్ చివరికి కర్ర తయారైంది. కొత్త కొసను ఏటవాలుగా అతికాడు. గాలం దారం దూరే ఉంగరాలకు ఆకుపచ్చ పట్టుదారం చుట్టాడు. మూడు పూతలు వార్నిష్ వేశాడు. లిండా చూసి వేళ్ళతో అతుకు వెతికింది, దొరకలేదు.

"మా పెదనాన్న వెర్నర్‌ది ఇది," అంది ఆమె. "బెర్లిన్ గోడ కట్టకముందే పడమటి జర్మనీకి వెళ్ళిపోయాడు. అప్పటికి నాన్నకి పదిహేడేళ్ళు. తర్వాత మా నానమ్మ పోయినప్పుడు కూడా రాలేదు. నాన్న ఆ తర్వాత ఆయన పేరెత్తలేదు. కర్ర మాత్రం పారెయ్యలేదు."

మే నెలలో ఒక శనివారం పొద్దున్నే హోమ్‌వాళ్ళ అనుమతితో క్రౌస్‌ను ఇల్మ్ నది దగ్గరికి తీసుకెళ్ళారు. లిండా చేపల క్లబ్బులో ఆయన పేరుమీద ఒక రోజు పర్మిట్ తీయించింది. ఊరు దాటాక ఒక వంపులో గులకరాళ్ళ ఒడ్డు ఉంది, అక్కడ నీళ్ళు మోకాలి లోతు మించవు. జయసాగర్ ముసలాయన్ని నడుం పట్టి నిలబెట్టాడు. జ్ఞానకుమారి వెనకాల చక్రాల కుర్చీ పట్టుకుని నిలుచుంది.

కర్ర చేతికి రాగానే క్రౌస్ వేళ్ళు తమ చోటు తాము చూసుకున్నాయి. ఎడమచెయ్యి దారం లాగింది. కుడిచెయ్యి లేచి, వెనక్కి వెళ్ళి, ఒక్క క్షణం ఆగి, ముందుకొచ్చింది. దారం గాలిలో విచ్చుకుని, దాని చివర ఎరగా కట్టిన ఈకల ఈగ అవతలి రాయి పక్కన చప్పుడు లేకుండా వాలింది. లిండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఏడెనిమిది సార్లు విసిరాక ఆయన తల తిప్పి జయసాగర్ ముఖంలోకి చూశాడు. ఎనిమిది నెలలుగా జ్ఞానకుమారి వినని గొంతు బయటికొచ్చింది.

"వెర్నర్."

జయసాగర్ లిండా వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపబోయి మానేసింది.

"అమ్మ పోయినప్పుడు నువ్వు రాలేదు," అన్నాడు క్రౌస్. కోపం లేదు, వాన పడలేదన్నట్టు అన్నాడు. "వాళ్ళు రానివ్వలేదా, నువ్వే రాలేదా?"

రానివ్వలేదని చెబితే సరిపోయేది. రెండేళ్ళుగా నోట్లో నానిన మాటే అది. నడుం పట్టుకున్న తన చేతుల కింద ముసలాయన పక్కటెముకలు ఊపిరికి కదులుతున్నాయి.

"రానిచ్చేవాళ్ళే," అన్నాడు జయసాగర్ తన వచ్చీరాని జర్మన్‌లో. "నేనే రాలేదు. భయపడ్డాను."

క్రౌస్ నీళ్ళవైపు తిరిగాడు. "తెలుసు. అమ్మకి మాత్రం పోయేముందు చెప్పాను, దారిలో ఉన్నాడు, సరిహద్దు దగ్గర ఆపారు అని."

వెనక కుర్చీ చక్రం గులకరాళ్ళ మీద కిర్రుమంది. జ్ఞానకుమారి ముఖం పక్కకు తిప్పుకుంది.

ఆ తర్వాత కాసేపటికి చేప పడింది. కర్ర విల్లులా వంగింది, అతుకు నిలిచింది. లిండా వలబుట్టతో పైకి తీసింది. ఒళ్ళంతా ఎర్రచుక్కలున్న ఫోరెల్లె అనే ఏటి చేప, మూరకు కాస్త తక్కువ. తండ్రి ముందు పట్టుకుంటే ఆయన దానివంక అయోమయంగా చూసి, తన తడిసిన చేతులు చూసుకుని, ఇంటికెళ్దామన్నాడు. దారిలో ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ రోజు తర్వాత ఆయన చెయ్యి కూడా ఆడటం మానేసింది. మనం మంచి చేశామో చెడు చేశామో తెలీడం లేదండీ, అంది జ్ఞానకుమారి ఓ వారం పోయాక.

జయసాగర్ మాత్రం నదికెళ్ళిన మర్నాడే, ఆదివారం చర్చి నుంచి రాగానే అక్కకు ఫోన్ చేశాడు.

"అక్కా, నాన్న పోయినప్పుడు కార్డు వచ్చేసింది. నా దగ్గరే ఉంది. ఉద్యోగం పోద్దేమోనని రాలేదు."

ఫోనులో సువార్త వెనక ఎవరిదో మోటారు చప్పుడు వినబడింది.

"ఇప్పుడెందుకు చెప్పేవురా?"

"చెప్పాలనిపించింది."

"నీకనిపించింది. నాన్న బాక్సు మూసేముందు పాస్టరు గారిని గంటన్నర ఆపేనురా నేను. ఆఖర్న ఏదో ఒకటి చేసి వచ్చేస్తావని. పాపం వాణ్ణి రానివ్వలేదని అందరితో చెప్పుకుని, ఆ మాట పట్టుకునే ఉన్నాను. అది కూడా తీసేసుకున్నావు." ఫోన్ పెట్టేసింది.

తర్వాత వారం చేస్తే ఎత్తలేదు. ఆ పై వారమూ ఎత్తలేదు. చెప్పకుండా ఉంటే బాగుండేదా అని జయసాగర్ భార్యను అడిగాడు. ఆమె కూరగాయలు తరుగుతూ, "నాకు తెలీదండీ. కానీ మీరు రాత్రుళ్ళు పళ్ళు కొరకడం తగ్గింది," అంది. అతనికి అది ఊరటగా అనిపించలేదు. తన బరువు దించుకోవడానికి దాన్ని అక్క నెత్తిన పెట్టానేమోనని, అట్టపెట్టెలకు టేపు అంటిస్తూ చాలా రోజులు ఆలోచించాడు.

నవంబరులో క్రౌస్ నిద్రలోనే పోయాడు. సమాధి దగ్గర తొమ్మిదిమంది ఉన్నారు. జయసాగర్ ఆ రోజు గోదాములో సెలవడిగాడు. సూపర్‌వైజరు కాగితం కూడా చూడకుండా సరేనన్నాడు. అంత తేలిగ్గా దొరికిన సెలవు అతణ్ణి దారి పొడుగునా కోస్తూనే ఉంది. లిండా కర్రను అతనికే ఇవ్వబోయింది. అతను పుచ్చుకోలేదు. గోడకు అడ్డంగా తగిలించొద్దు, నిలువునా వేలాడదీయండి, ఏటా చలికాలంలో తెస్తే వార్నిష్ వేసిస్తాను, అన్నాడు.

డిసెంబరు రెండో ఆదివారం ఎప్పటిలాగే అక్క నంబరు నొక్కాడు. ఐదారు రింగుల తర్వాత కట్టయిపోతుందని తెలుసు కనుక ఫోను స్పీకరులో బల్లమీదే పెట్టి బూట్లు విప్పుకుంటున్నాడు. మూడో రింగుకే గొంతు వినబడింది.

"మంచు పడతందా అక్కడ?" అంది సువార్త.

అతను ఒక బూటు చేతిలో పట్టుకునే, "పడుతోందక్కా, నిన్నటినుంచీ," అన్నాడు.

"చెవులకి గుడ్డ కట్టుకో. చిన్నప్పుడు నీకు చెవిపోటు వచ్చేది."

"కట్టుకుంటానక్కా."

ఇద్దరూ ఇంకో రెండు నిమిషాలు చలి గురించే మాట్లాడుకున్నారు.