బాయిలర్ గది బట్టలు

"నీకేం, హాయిగా నీడపట్టున ఉంటావు" అనేవాడు మొగుడు, ఒళ్లంతా తెల్లటి దుమ్ము కొట్టుకుని ఇంటికొచ్చి. నౌకాదళంలో ఉద్యోగమన్న మాటే గానీ, పెళ్లయినప్పటి నుంచి రిటైరయ్యేదాకా ఇరవై రెండేళ్లలో ఒక్కసారీ ఓడెక్కిన పాపాన పోలేదు. ఒడ్డున ఉన్న స్థావరంలో బాయిలర్ గదే ఆయన లోకం. వేడి బయటికి పోకుండా ఆవిరి గొట్టాలకు చుట్టిన పాత ఆస్‌బెస్టాస్ ఊడబెరకడం, కొత్తది చుట్టడం. ఆ దుమ్ము పట్టిన ఆయన బట్టల్ని అక్కడి లాండ్రీవాళ్లు ముట్టుకోనే ముట్టుకోం అన్నారు. ఇంకేముంది, ఆమె నెత్తిన పడ్డాయి. నీళ్లలో వేస్తే ఆ పొడి ముద్దకట్టి నేతలో ఇరుక్కుపోయేది. అందుకని ముందు పొడిగా బాగా దులిపి, ఆ తర్వాతే నానబెట్టాలని ఆమె తనంతట తానే కనిపెట్టింది. అత్తగారి నోట ఆమెకు దక్కిన మెచ్చుకోలు అదొక్కటే.

ఇప్పుడు ఆయన ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి. ఆసుపత్రికి ఫైలు మోసేదీ, మెట్ల దగ్గర రెక్క పట్టుకునేదీ ఆమే. ఏడాదిగా తనకూ ఆయాసం. చెబితే, "నాతో పోటీయా?" అన్నాడాయన. "వయసమ్మా, అంతే" అంది కూతురు. కాబోలనుకుంది తనూ. అలా సరిపెట్టుకోవడం ఎంత అలవాటైపోయిందో తలుచుకుంటే ఆమెకే ఒళ్లు మండుతుంది.

ఆ పూట డాక్టరమ్మ ఆయన ఎక్స్‌రే చూస్తూ మాటల మధ్యలో అడిగింది. "ఆ బట్టలు ఎవరు ఉతికేవారండీ?"

"ఇంకెవరు, మా ఆవిడే" అన్నాడాయన.

డాక్టరమ్మ ఎక్స్‌రే పక్కన పెట్టి, మొదటిసారి ఆమె వైపు తిరిగింది. "ఎలా ఉతికేవారమ్మా?"

ఆమె కాస్త గొప్పగానే మొదలుపెట్టింది. డాక్టరమ్మ మొహం చూసి మధ్యలో ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు, అలా దులపకూడదని, ఆ పొడి తన ఊపిరితిత్తుల్లోకీ పోతుందని.

"మీకూ పరీక్షలు చేయాలి. ఈ ఫారం నింపండి."

ఫారం ఆయనే అందుకున్నాడు. పేరు రాశాడు, వయసు రాశాడు. "వృత్తి... ఏమీ లేదని రాస్తే సరి. తనేం ఉద్యోగం చేసింది గనక?"

ఆమెకు భయంగా ఉంది. భయాన్ని మించి కోపంగా ఉంది.

"ఇలా ఇవ్వండి" అని ఆయన చేతిలోంచి పెన్ను తీసుకుంది. తొందరేమీ లేకుండా, గుండ్రటి అక్షరాలతో రాసింది: నౌకాదళం బట్టలు ఉతికే పని. ఇరవై రెండేళ్లు. జీతం లేదు.