సలహాకో భుజం

నాది రెండు కుర్చీల సెలూన్. మా ఆవిడ మళ్లీ ఉద్యోగంలో చేరాక, మూడు నెలల కూతురు పగలంతా నా దగ్గరే. తాగిన పాలలో సగం నా భుజం మీదే కక్కుతుంది. మిగతా సగంతో పాటు మింగిన గాలి కడుపులో ఇరుక్కుంటే, కాళ్లు ముడుచుకుని అద్దాలు పగిలేలా ఏడుస్తుంది.

డాక్టరమ్మ తేలిగ్గా చెప్పేసింది. "తాగిన ప్రతిసారీ అరగంట నిటారుగా ఎత్తుకోండి. పెరిగేకొద్దీ అదే తగ్గిపోతుంది."

అరగంట ఎత్తుకుంటే కత్తెర ఎవడు పడతాడు, ఆవిడ మొగుడా?

పైగా బెంచీ మీద వంతు కోసం కూర్చున్నవాళ్ల సలహాలు. "పాలు పడట్లేదేమో." "మీ ఆవిణ్ణి కాస్త నోరు కట్టుకోమను." నాకు ఒళ్లు మండి అద్దం మీద కాగితం అంటించాను: 'సలహా చెప్పినవారు పిల్లను అరగంట ఎత్తుకోవాలి.' ఇద్దరి చొక్కాలు తడిసేసరికి, ఇక ఎవరికీ నోరు లేవలేదు.

ఒక్క రిటైర్డ్ హెడ్మాస్టరు గారు తప్ప. ఆయన తల మీద నాకు పని లేక పదేళ్లయింది. అయినా రోజూ సరిగ్గా పిల్ల పాలవేళకు దిగుతారు. నిన్న, పిల్లకి గుండు గీస్తే గాలి పోతుందన్నారు.

ఇవాళ ఉతికిన తువ్వాలు తనే భుజాన వేసుకుని, సీసా ఖాళీ అయ్యేదాకా ఓపిగ్గా చూసి, చేతులు చాచారు.

"ఒరేయ్, ఇవాళ సలహా ఏదీ తట్టలేదురా. ముందు పిల్లనివ్వు, ఎత్తుకుని ఆలోచిస్తా."