వీధివైపు కిటికీ

ఇల్లు చూడడానికి వెళ్లే రోజు చెన్నయ్య పని బట్టలే వేసుకునేవాడు. మోకాళ్ల దగ్గర సిమెంటు గట్టిపడిన ప్యాంటు, భుజం మీద తువ్వాల. ఉతికిన చొక్కా వేసుకోమని కూతురు మనీష మూడు ఆదివారాలుగా పోరుతోంది. అతను వినడు.

"పెండ్లిచూపులకు పోతున్నమా బిడ్డా? మంచి బట్టలేస్కుంటే అందరు మంచిగనే మాట్లాడ్తరు. ఇగ మనకేం తెలుస్తది?"

పాలమూరు జిల్లా నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా ఈ నగరంలో మేస్త్రీ పని చేస్తున్నవాడు చెన్నయ్య. ఇన్ని ఇళ్లు కట్టినా సొంతానికి ఒక గోడ లేదు. నారాయణగూడలో ఒక ల్యాబ్‌లో పనిచేసే మనీషకు ఈమధ్యే బ్యాంకు లోను మంజూరైంది. ముషీరాబాద్‌లో వాళ్లుండే కిరాయి గది నెలాఖరుకు ఖాళీ చేయాలి. తొందరగా ఏదో ఒకటి తేల్చమని మనీష పట్టు. చెన్నయ్యకు మాత్రం తన పద్ధతి తనది.

ఫ్లాటులోకి వెళ్లగానే గోడల్ని వేలి కణుపుతో కొట్టి చూస్తాడు. బాత్రూంలో బకెట్ నీళ్లు కుమ్మరించి నేల వాటం చూస్తాడు. ఆ తర్వాత, కొనడానికి వచ్చానని చెప్పకుండా, పక్కింటి తలుపు కొట్టి మంచినీళ్లు అడుగుతాడు.

"అన్నా, నువ్వు ఇల్లు కొంటున్నవా, చలివేంద్రం దేవులాడ్తున్నవా?" అని బ్రోకరు జగన్మోహన్ నెత్తి కొట్టుకున్నాడు.

"రెండూ," అన్నాడు చెన్నయ్య.

వీధుల పేర్లు అతనికి సరిగా తెలియవు. ఏ గల్లీలో నీళ్లు ఎట్లా ఇచ్చారో తెలుసు. బర్కత్‌పురలో ఒక ముసలమ్మ చల్లటి మజ్జిగ ఇచ్చిన ఇల్లు తెలుసు. కాచిగూడలో పనివాళ్ల కోసం కాంపౌండు గోడ మీద పగిలిన ప్లాస్టిక్ మగ్గు పెట్టిన ఇల్లూ తెలుసు.

మొదటి ఆదివారం నారాయణగూడ. ఫ్లాటు ముద్దుగా ఉంది, మనీష ల్యాబుకు నడిచి వెళ్లొచ్చు. పక్కింటావిడ చెంబు తెచ్చి దోసిలి పట్టమంది. పైనుంచి పోసింది. చెన్నయ్య తాగలేదు. చేతులు కడుక్కుని దిగిపోయాడు. ఆ వారమంతా మనీష తండ్రితో ముక్తసరిగా మాట్లాడింది.

రెండో ఆదివారం అశోక్‌నగర్. చుట్టూ హాస్టళ్లు, కోచింగ్ బోర్డులు, చేతిలో పుస్తకంతో మెట్ల మీద కూర్చున్న పిల్లలు. నీళ్లు అడిగితే ఒకడు తను తాగుతున్న సీసానే అందించి, "కూసో పెద్దనాయినా, జర నీడ పట్టున," అన్నాడు. చెన్నయ్యకు ప్రాణం లేచొచ్చింది. కానీ కింద పార్కింగులో పిల్లర్లు చూసి ఆగిపోయాడు. రెండంతస్తులకు వేసిన పిల్లర్ల మీద ఐదంతస్తులు లేపారు.

"మనుషులు మంచోళ్లు. ఇల్లే మంచిది కాదు," అన్నాడు.

"రెండూ మంచియి దొరికేదాక రోడ్డు మీద ఉందామా నాయినా?" అంది మనీష.

మూడో ఆదివారం చిక్కడపల్లి. కూరగాయల మార్కెట్ దాటి గల్లీలోకి మళ్లగానే చెన్నయ్య కాళ్లు నిలిచిపోయాయి. ఎదుటి బిల్డింగుకు అప్పుడు గులాబీ రంగు ఉండేది, ఇప్పుడు బూడిద రంగు వేశారు. గేటు అదే.

"ఈ బిల్డింగేనా?" అని జగన్మోహన్‌ను అడిగాడు.

"ఇదే. మూడో అంతస్తు. నువ్వెన్ని గోడలు కొట్టినా ఒంక దొరకదు. చాబీ తెస్త, ఉండు," అని అతను పైకి వెళ్లాడు.

చెన్నయ్య కూతురి వైపు చూడకుండా చెప్పాడు. "మీ అమ్మ ఈడనే పడ్డది."

తొమ్మిదేళ్ల కింద, మే నెలలో, ఈ బిల్డింగు మీద కొత్త అంతస్తు వేస్తుంటే అతని భార్య నర్సింహమ్మ ఇసుక మోయడానికి వచ్చింది. మధ్యాహ్నం కింది ఇంటి తలుపు కొట్టి నీళ్లడిగింది. గేటు పక్కన నల్లా ఉంది, తిప్పుకోమన్నారు. నల్లాలో నీళ్లు రాలేదు. మళ్లీ అడగడానికి ఆమెకు సిగ్గేసింది. ఇసుక కుప్ప మీద కూలబడింది. మూడో రోజు ప్రాణం పోయింది. కాచిగూడలో పని వదిలి ఇక్కడికి పరుగెత్తుకొచ్చిన చెన్నయ్యకు ఇదంతా పక్కన ఇసుక ఎత్తిన దుర్గమ్మ చెప్పింది. ఎండదెబ్బ అని మాత్రమే మనీషకు ఇన్నాళ్లూ తెలుసు. మిగతాది ఇప్పుడు చెప్పాడు.

మనీష తండ్రి చెయ్యి పట్టి లాగింది. "వద్దు నాయినా. పోదాం పా."

"మనమెందుకు పోవాలె? వాళ్లు పోయిన్రా?"

అతను వెళ్లి కింది ఇంటి తలుపు కొట్టాడు. అపార్ట్‌మెంటు అసోసియేషన్ అధ్యక్షుడు జగన్నాథరావు తలుపు తీసి అతణ్ని పైనుంచి కిందికి చూశాడు.

"లీకేజీ మేస్త్రీవా? వెనక మెట్ల నుంచి రమ్మని చెప్పాను కదయ్యా."

"జర మంచినీళ్లియ్యుండ్రి సారు."

"గేటు పక్కన నల్లా ఉంది. తిప్పుకో."

చెన్నయ్య వెళ్లి నల్లా తిప్పాడు. తుస్సుమని గాలి వచ్చింది. నిండా తిప్పి అలాగే వదిలేశాడు.

అప్పుడే చాబీతో దిగిన బ్రోకరు జగన్మోహన్ పరుగున వచ్చాడు. "సార్, మేస్త్రీ కాదు. మన పార్టీ ఈయనే! మూడో అంతస్తు కొనేది."

జగన్నాథరావు ముఖం మారింది. "అరెరే, ముందే చెప్పొద్దా? లోపలికి రండి, రండి." గాజు గ్లాసుల్లో నీళ్లు ట్రేలో పెట్టి తనే తెచ్చాడు.

"నాకు దూప లేదు సారు," అన్నాడు చెన్నయ్య. "తొమ్మిదేండ్ల కింద మీ పై అంతస్తు కట్టేటప్పుడు ఒకామె నీళ్లడిగింది. యాదికున్నదా?"

"ఎంతమంది పనిచేశారో. ఎలా గుర్తుంటుంది?"

"నాకున్నది."

ట్రే ఆయన చేతుల్లోనే ఉండిపోయింది. చెన్నయ్య పైకి వెళ్లలేదు. కిందే, మెట్ల పక్కన, తాళం వేసిన తలుపు మీద వెలిసిపోయిన అమ్మకం కాగితం చూశాడు.

"ఇదేంది?"

"దాని మాట వద్దన్నా," అన్నాడు జగన్మోహన్. "వంటింటి కిటికీ రోడ్డు మీదికే ఉంటది. దుమ్ము, లొల్లి. ఎదురుంగ కూలోళ్ల అడ్డా. రెండేండ్లాయె, ఎవ్వరు ముడ్తలేరు."

చెన్నయ్య గల్లీలోకి వచ్చి ఆ కిటికీ చూశాడు. రోడ్డు మీద నిలబడితే ఛాతీ ఎత్తులో ఉంది. ఎదుటి మూలన, పని దొరకని ఆడా మగా కూలీలు నలుగురు టిఫిన్ డబ్బాలతో ఇంకా కూర్చునే ఉన్నారు. అతను గ్రిల్ ఊచల మధ్య పిడికిలి పెట్టి చూశాడు. పట్టలేదు. తాళం తీయించి లోపలికి వెళ్లి గోడలు కొట్టాడు, వాటం చూశాడు. తిరిగి వచ్చి చెప్పాడు.

"ఇది కావాలె."

"దేనికి?" అన్నాడు జగన్నాథరావు. ఆయన కూడా గేటు దాకా వచ్చాడు.

"అడ్డా మీద ఉన్నోళ్లకు నీళ్లియ్యనీకి."

ఆయన గొంతు గట్టిపడింది. "చూడండి, గేటు దగ్గర కుండలూ గిండలూ పెట్టనివ్వం. జనం గుమిగూడతారు. అసోసియేషన్ రూలుంది."

"గేటు దగ్గర ఎవరు పెడ్తున్నరు? నా వంటిల్లు, నా కిటికీ."

"గ్రిల్ మార్చాలన్నా కమిటీ పర్మిషన్ కావాలి. నోటీసు ఇస్తాం."

"ఇయ్యుండ్రి సారు. లోపల్నే ఉంట. మీరొచ్చి తలుపు కొడితె మీకు గుడ నీళ్లిస్త. గిలాసల."

బ్రోకరు మధ్యలోకి వచ్చాడు. "అన్నా, మూడో అంతస్తుల గాలి మస్తుగ..." చెన్నయ్య అతని వైపు చూడలేదు. జేబులోంచి టేపు తీసి కిటికీ కొలిచాడు. చెవి మీది పెన్సిలుతో రెండు ఊచల మీద గీత గీశాడు.

ఈ గేటు ముందు ఒక్క నిమిషం కూడా నిలబడనన్నట్టు దూరంగా ఉన్న మనీష దగ్గరికి వచ్చింది. ఊచల్ని చూసింది. ఎదుటి మూలన కూర్చున్న ఆడవాళ్లను చూసింది. తండ్రి చేతిలోంచి పెన్సిల్ తీసుకుంది.

"రెండు కోస్తే గిలాసే పడ్తది నాయినా," అని మూడో ఊచ మీద తనే గీత గీసింది. "జగ్గు పట్టాలె."