లుషేకా కొండ పేరు

కాంగో నుంచి వాసు తన ఊరు బారువకి తిరిగొచ్చి మూడు వారాలైంది. రెండేళ్లు అక్కడ తగరపు ఖనిజం కొనే గిడ్డంగిలో పనిచేశాడు. వచ్చిన రోజు కూతురు లిఖితని భుజాలకెత్తుకుని సముద్రపు ఒడ్డంతా తిరిగాడు. ఆ తర్వాతే మాట తగ్గిపోయింది. ఫోను మోగితే చాలు, ఉలిక్కిపడుతున్నాడు.

అడగాలా వద్దా అని చూసి చూసి, ఒక ఉదయం ఇసుకలో పరిచిన చేపల్ని తిరగేస్తూ భార్య వనజ అడిగేసింది.

"ఆ ఫోను సేసీది ఎవలు బావా? ఎత్తవేటి?"

"మా కంపెనీకాడ సరుకు కొన్నోలు. అక్కడ జరిగింది సెప్పమని అడుగుతన్నారు."

"ఏటి జరిగినాది?"

వాసు వచ్చి ఆమె పక్కనే గొంతుక్కూర్చున్నాడు. తనూ చేపలు తిరగెయ్యసాగాడు. చేతులకి పని దొరికాక మాటలూ వచ్చాయి.

చుట్టుపక్కల కొండల్లో తవ్విన నల్లటి ఖనిజం ఆ గిడ్డంగికి బస్తాల్లో వస్తుంది. ఏ కొండ సరుకైతే ఆ కొండ పేరూ నంబరూ ఉన్న ప్లాస్టిక్ చీటీ బస్తా మూతికి బిగించాలి. విదేశాల వాళ్లు ఆ చీటీని నమ్మే కొంటారు. తుపాకులు పట్టిన ముఠాల చేతిలో ఉన్న కొండ సరుకు కొనకూడదు. కొంటే ఆ సొమ్ముతో ముఠా ఇంకాస్త మందుగుండు తెచ్చుకుంటుంది. చీటీలు బిగించడమే వాసు పని.

కిందటి వానల్లో లుషేకా అనే కొండని ఒక ముఠా పట్టుకుంది. అయినా బస్తాలు రావడం ఆగలేదు. మేనేజరు వేరే కొండ చీటీలు తెచ్చిచ్చి, "ఇవి కట్టు" అన్నాడు.

"కట్టీసినాను వనజా. ఎన్నిటికి కట్టినానో నాకే తెల్దు."

లుషేకా నుంచి బస్తాలు మోసుకొచ్చే వాళ్లలో ఫురాహా అనే ఆమె ఉంది. వాసు మలేరియాతో గిడ్డంగి వరండాలో పడి ఉన్నప్పుడు ఐదు రోజులు కనిపెట్టుకుని ఉన్నది ఆమే. ఆమె భర్తని ముఠా కొండమీదే ఉంచేసి, తుపాకీ చూపించి తవ్విస్తోంది. చదువొచ్చిన మనిషి కాబట్టి ఒకరోజు చీటీ పట్టుకుని చూసింది. "ఇది మా కొండ కాదు. మా కొండ పేరు రాయి. మేమక్కడ ఉన్నామని ఎవరికో ఒకరికి తెలియాలి కదా" అంది.

"నువ్వేటన్నావు?"

"తలొంచుకుని ఇంకో బస్తాకి కట్టినాను."

వనజ చేతిలోని చేపని కింద పెట్టింది. తర్వాత అడిగింది. "ఆమెకి పిల్లలున్నారా?"

"ఒక పాప. మన లిఖితంత ఉంటాది."

"అయితే సెప్పీ బావా."

"కట్టినోడ్ని నానే కదా. తప్పు నామీదికీ వత్తాది. నోరు మూసుకుంటే మళ్లీ పన్లోకి రమ్మని మేనేజరు మెసేజ్ పెట్టినాడు. అయినా నా మాట ఎవలు నమ్ముతారు? నా కాడ కాయితం ముక్క నేదు."

వనజ చేతులు కడుక్కుని తన ఫోను తెచ్చింది. వెళ్లేటప్పుడు అతని చేత ఒట్టు వేయించుకుంది, రోజుకో ఫొటో పంపాలని. ఒక్కటీ చెరపలేదు. వాన రోజులవి వెతికి పెద్దవి చేసి చూపించింది. నవ్వుతున్న వాసు భుజం వెనక బస్తాలు. వాటి మీద మోసినవాళ్లు బొగ్గుతో రాసిన 'లుషేకా'. మూతులకి వేరే కొండ చీటీలు. ఫొటో కింద తేదీ.

"నువ్వు సిక్కిపోనావేమోనని నీ మొకమే సూసీదాన్ని. ఎనకాల ఏటున్నాదో ఎప్పుడూ సూడనేదు" అంది.

వాసు ఆమె చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మర్నాడు అతనే ఫోను చేశాడు. కొనుగోలుదారులు విచారణకి పెట్టిన ఉమామహేశ్వరి తెలుగామే కావడంతో మాట సులువైంది. గంటసేపు అంతా చెప్పి, ఫొటోలు పంపాడు.

"ఆ మనిసి పేరు మాత్రం ఎక్కడా రాయకండి మేడమ్. ఇంకోటి. ఆ పక్క సరుకు కొనడం మొత్తంగా మానీకండి. మిగతా కొండలోలు దానిమీదే బతుకుతన్నారు."

"మానేసి చేతులు దులుపుకోవడానికి కాదండీ అడుగుతున్నది. కానీ చీటీలు మీరు కట్టిన సంగతి కూడా రాయాల్సి ఉంటుంది."

"రాయండి" అన్నాడు వాసు.

ఆ ఉద్యోగం పోయింది. మేనేజరు తిట్టిన తిట్లు వాసు వనజకి వినిపించలేదు. మావయ్య తాతారావు పడవల ఇంజన్లు బాగుచేసే షెడ్డులో పనికి కుదిరాడు. చేతులకి ఆయిలు మరకలతో ఇంటికొచ్చి, లిఖితతో మళ్లీ అల్లరి చేయడం మొదలుపెట్టాడు.

ఐదో నెలలో ఉమామహేశ్వరి నుంచి కబురొచ్చింది. గిడ్డంగిలో మేనేజరుని తీసేశారు. మిగతా కొండల సరుకు కొంటూనే ఉన్నారు. లుషేకా సరుక్కి దారి మూసుకుపోయాక ముఠా పట్టు సడలింది, కొంతమంది కిందికి దిగి రాగలిగారు. అందరూ రాలేదు. ఫురాహా భర్త వచ్చాడు, ఒక కాలు కుంటుతున్నాడు. అక్కడ తిరిగే విచారణ మనిషి ద్వారా ఆమె ఒక మాట రికార్డు చేసి పంపింది.

షెడ్డు ముందు నిలబడి ఇద్దరూ విన్నారు. నిదానమైన గొంతు, మధ్యలో చిన్నపిల్ల కేరింత.

"ఏటంతంది?"

"మా కొండ పేరు విచారణ కాయితం మీద సూసినానంటంది. నాను బావున్నానా అని అడుగుతంది."

వనజ ఫోను లాక్కుంది. "నాను మాటాడతాను. తిన్నావా అని ఆల బాసలో ఎలగంటారు?"

"ఉమేకులా."

ఆమె మూడుసార్లు లోలోపల అనుకుని, బటన్ నొక్కి, "ఉమేకులా, ఫురాహా?" అంది. ఆ పైన ఇంక ఆ భాష రాక, తన మాటల్లోనే ఎత్తుకుంది. "మీ ఆయన్ని అప్పుడే బరువులు మొయ్యనీకు అమ్మా. కాలు జాగర్త. పాపకి తలకి కాస్త నూనె రాయి..."

ఫురాహాకి తెలుగు అర్థం కాదని వాసు చెప్పలేదు. పక్కనే నిలబడి వింటూ ఉండిపోయాడు.