కారం చేతుల కాపురం

మా ఊళ్లో నా మాట ఎవరూ నమ్మరు. వానొచ్చేట్టుందిరా అని నేనంటే గొడుగు ఇంట్లో పెట్టి పోతారు. తప్పు వాళ్లది కాదులెండి. మా నాయన పండించిన మిరపకాయల కథ ఒక్కటి చాలు నా పరువు తీయడానికి. ఆ ఏడు కాయ ఎంత ఘాటుగా వచ్చిందంటే, కల్లంలో ఒక బస్తా ఎత్తుకుపోయిన దొంగ తుమ్ముకుంటా తుమ్ముకుంటా కృష్ణ దాటి నల్గొండ జిల్లాలో తేలాడు. అక్కడా తుమ్ములు ఆగలేదు. మా ఊరి కుక్కలు ఆ తుమ్ముల చప్పుడు పట్టుకుని ఏరు ఈదిపోయి బస్తా లాక్కొచ్చినయ్. తిరిగొచ్చినాక పాపం అవి మొరగడం మర్చిపోయి, కొత్తవాళ్లు కనపడితే తుమ్మేవి. మా ఆవిడ చెన్నమ్మ ఇప్పటికీ ఇది నమ్మదు. కుక్కలు పోయినయ్, సాక్ష్యం లేదు.

ఇప్పుడు చెప్పేది మటుకు మొన్న మిరప సీజన్లో నా కళ్లముందు జరిగింది. ఇందులో తుమ్ములు లేవు.

మా ఊరు దుర్గికి దగ్గర. ఊరి మొదట్లో బస్సాగే చోట సిమెంటు అరుగొకటుంది. మధ్యాన్నం అన్నం తిని అక్కడ కూర్చుని చుట్ట కాల్చుకోవడం నా ఉద్యోగం. ఆ రోజు నీలిమ వచ్చింది. నీలిమంటే మా తమ్ముడి మనవడు శివనాగరాజు పెళ్లాం. నరసరావుపేట పిల్ల. వాళ్ల నాయనకు అక్కడ లారీలు బాగుచేసే షెడ్డుంది. ఇద్దరూ కాలేజీలో ఇష్టపడి, రెండిళ్లనూ ఒప్పించి పోయిన శ్రావణంలో పెళ్లి చేసుకున్నారు. పెళ్లికి ముందు మావాడు పొద్దస్తమానం ఫోను చెవికి అంటించుకుని తిరిగేవాడు. ఒకసారి గేదెకు మేత వేయబొయ్యి ఫోను దాని ముందు పడేసి, గడ్డిపరక చెవికి పెట్టుకుని అరగంట మాట్లాడాడు. గేదే నయం, మధ్యలో ఊఁ కొట్టింది.

అట్టాంటి పిల్ల పెద్ద సంచీ మోసుకుంటా వచ్చి అరుగు చివర కూర్చుంది.

"యాడికమ్మాయ్, సంచీ బరువుగా ఉంది?"

"మా ఊరికి తాతా."

"మళ్లీ ఎప్పుడు రావడం?"

"ఏమో."

ఆడపిల్ల పుట్టింటికి పోతా రేపనో ఎల్లుండనో అంటే ఇబ్బంది లేదు. ఏమో అందంటే సంచీలో చీరలన్నీ ఉన్నట్టు. నేను చుట్ట ఆర్పి పక్కన పెట్టా.

"తాతా, ఒక సంగతి అడుగుతా. కథలు చెప్పకుండా జవాబిస్తావా?"

"కష్టమే గానీ, అడుగు."

"ఈ రోజుల్లో ప్రేమ ఎంతకాలం ఉంటుందంటావు?"

"ఏ కంపెనీది?" అన్నా.

ఆ పిల్ల నవ్వలేదు. కళ్లు రోడ్డు మీదే ఉన్నయ్. ఈ ఊళ్లో నా కథలకు నోరారా నవ్వేది అదొక్కతే.

"మీవాడికి నా మీద మనసు పోయింది తాతా," అంది మెల్లిగా. "ఫోను చేస్తే ఎత్తడు. ఎత్తినా స్పీకర్లో పెట్టి ఆ, సరే, ఊఁ. అంతే. నా కంచంలోంచి ఒక ముద్దన్నా లాక్కుని తినందే వాడికి అన్నం దిగేది కాదు. ఇప్పుడు స్పూనుతో తింటాడు, అదీ వసారాలో కూర్చుని. కల్లం కాపలా అని అక్కడే పడుకుంటాడు. ఇంటికొచ్చేటప్పటికి స్నానం చేసి, కొబ్బరినూనె వాసన కొట్టుకుంటా వస్తాడు. కల్లంలో స్నానం ఏంది? ఎవరికోసం ఆ నూనె? నేను దగ్గరికొస్తే చేతులు వెనక్కి పెట్టుకుంటాడు. నన్ను ముట్టుకుని ఎన్నాళ్లయిందో."

"ఇదంతా ఎప్పటినుంచి?"

"మొదటి కోతప్పటినుంచి. ఆ రోజుల్లోనే తలంటుకుంటుంటే షాంపూ పడి నా కళ్లు వాచినయ్, గుర్తుందా? నరసరావుపేట పొయ్యి చూపించుకొచ్చా. అంటుకుంటుందని భయపడుతున్నాడేమో అనుకున్నా. కళ్లు తగ్గినయ్. మనిషి మటుకు మళ్లీ దగ్గరికి రాలేదు. నిన్న అడిగేశా, నేనంటే ఇష్టం పోయిందా అని. తల దించుకుని సీజన్ అయిపోనీ, మాట్లాడదాం అన్నాడు. ప్రేమకు సీజన్ ఏంది తాతా? మా ఫ్రెండ్స్ ముందే చెప్పారు, ఇప్పటి ప్రేమలు పెళ్లి ఫోటోలు వచ్చేదాకేనని."

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయా. దాంతో ఆ పిల్ల మొహం తిప్పేసుకుంది.

"అమ్మాయ్, కోపగించుకోబాక. వాడి చేతులకు కారం ఎక్కింది. అంతకుమించి ఏం లేదు. రోజంతా మిరపకాయలు తిరగేసిన చెయ్యి సబ్బుకు లొంగదు. వేళ్ల సందుల్లో, గోళ్ల కింద కూర్చుంటుంది. సీజన్లో మా మొగోళ్లు పెళ్లాన్ని ముట్టుకోరు, చంటిపిల్లల్ని ఎత్తుకోరు. కల్లంలోనే నూనె రుద్దుకుని, నీళ్లు పోసుకుని ఇంటికొస్తారు. ఇది మా ఊళ్లో ఉయ్యాల్లో పిల్లకి కూడా తెలుసు. అందుకే నీకు చెప్పాలని ఎవరికీ తోచలేదు."

ఆ పిల్ల నా వంక అనుమానంగా చూసింది. నేను ఇంకా నమ్మించాలని ఇంకాస్త చెప్పా. అదే నా కొంప ముంచింది.

"పంట అమ్మినాక, ఉగాదికి అటూ ఇటూగా, మొగుడు చేతులు బాగా తోముకుని బెల్లం ముక్క వేళ్లతో నలిపి పెళ్లాం నోట్లో పెట్టాలి. తీపి అంటే కారం దిగినట్టు. కారం అంటే ఆ రోజుకు దూరం, మర్నాడు మళ్లీ తోముకుని మళ్లీ ముక్క పెట్టాలి. మా చెన్నమ్మ ఒక ఏడు నా మీద కోపంతో నెల దాకా కారమే అంది."

"దొంగ తుమ్ములైపోయినయ్, కుక్క తుమ్ములైపోయినయ్, ఇప్పుడు బెల్లం ముక్కా?" అంది నీలిమ. "మీ మనవణ్ణి కాపాడుకోవాలని బాగానే అల్లావు తాతా."

జీవితంలో మొదటిసారి నాకు నా కథల మీద కోపమొచ్చింది. ఇన్నేళ్లు అబద్ధాలన్నీ నిజమన్నట్టు చెప్పా. నిజం చెప్పబోతే అది నా నోట్లోంచి వచ్చిందన్న పాపానికి అబద్ధమై కూర్చుంది. అటు చూస్తే మలుపు దగ్గర దుమ్ము లేస్తా ఉంది. బస్సొస్తంది. ఈ బస్సెక్కిందంటే నరసరావుపేటలో వాళ్ల నాయన అడుగుతాడు, ఈ పిల్ల ఏడుస్తది, ఆయన మనుషుల్ని వేసుకుని వస్తాడు, మావాడు మొద్దు నోరేసుకుని నిలబడతాడు. లేని గొడవ నిజమైపోద్ది.

"పందెం," అన్నా.

"ఏం పందెం?"

"కల్లానికి వచ్చి కాసేపు కాయలు ఏరు. తర్వాత నీ ఇష్టమొచ్చిన సబ్బుతో కడుక్కో. కారం అంటకపోతే ఈ మీసం గొరిగించుకుని నీతో నేనే నరసరావుపేట వస్తా. మా వాడు పనికిరాడని మీ నాయనకు నేనే చెప్తా."

నా మీసం సంగతి ఊరందరికీ తెలుసు. చెన్నమ్మ కంటే దాన్నే ఎక్కువ చూసుకుంటానని పేరు. నీలిమ ఒకసారి నా మీసం వంక చూసింది, ఒకసారి బస్సు వంక.

"సాయంత్రం బస్సుందిగా?"

"ఉంది."

"మీసం మీద ఒట్టుగా?"

"ఒట్టే."

బస్సు ఆగింది, ఎవరూ ఎక్కలేదు, పోయింది. సంచీ నేను మోశా.

కల్లం నిండా ఎర్రగా కాయ పరిచి ఉంది. శివనాగరాజు ట్రాక్టరేసుకుని ఖాళీ సంచుల కోసం మాచర్ల పోయాడంట. ఆడోళ్లు వరసగా కూర్చుని తెల్లబడ్డ తాలుకాయలు ఏరి పక్కకు పోస్తున్నారు. చెన్నమ్మ అక్కడే రాళ్లపొయ్యి మీద వాళ్లకు టీ పెడతా ఉంది. వరసలో ముందున్న రామాయమ్మ మమ్మల్ని చూసి, "ఏం కొత్తకోడలా, కూలికొచ్చావా? చేతికి గుడ్డ చుట్టుకో," అంది.

"వద్దత్తా, నాకు పందెముంది," అని నీలిమ ఒట్టి చేతులతో కూర్చుంది.

పట్నం పిల్ల గానీ పట్టుదల గలది. చకచకా ఏరింది. ఎండ వాలేదాకా ఏరింది. లేచి తొట్టి దగ్గర సబ్బుతో మోచేతులదాకా రుద్ది కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. వాసన చూసుకుంది. నా ముందుకొచ్చి రెండు చేతులూ చాపింది.

"ఏది తాతా నీ కారం? చల్లగా ఉన్నయ్."

అరచేతికి తెలియదు మరి. తోలు మందం, అక్కడ మంట నిదానంగా లేస్తుంది. ఆ మాట చెబితే మళ్లీ కథంటది. నా చెయ్యి నాకు తెలియకుండానే మీసం మీదికి పోయింది.

"చూశావుగా," అంది నీలిమ. గెలిచిన గొంతు కాదది. పందెంలో తను ఓడిపోతే బాగుండని లోపల ఎక్కడో అనుకున్నట్టుంది. ఓడించలేకపోయానని నా మీద కోపం. సంచీ ఎత్తుకుంది. "పోతా తాతా," అంది. మధ్యాన్నంనుంచి తొణక్కుండా ఉన్న పిల్ల, ఒక్కసారి కళ్లు నిండితే వేళ్లతో తుడుచుకుంది.

అంతే. సంచీ వదిలేసి, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని కూలబడింది. "అమ్మో, మంట తాతా, మంట."

సరిగ్గా అప్పుడే ట్రాక్టరొచ్చింది. శివనాగరాజు ఇంజన్ ఆపలేదు, దూకాడు. కాయల మీదనుంచే పరిగెత్తాడు. కల్లంలో కాయ తొక్కితే కన్నబిడ్డను తొక్కినట్టు అరిచే మనిషి వాడు. ఆమె ముందు మోకాళ్ల మీద పడి చేతులు చాపాడు. మొహం దాకా పోయిన చేతులు అక్కడే ఆగినయ్. వెనక్కి లాక్కుని వీపు వెనక కట్టుకున్నాడు.

"రుద్దబాక, చేతులు తియ్యి. చేతులు తియ్యవే, దణ్ణం పెడతా. నాయనమ్మా, పాలు. టీకి తెచ్చిన పాలు పట్రా."

చెన్నమ్మ శుభ్రమైన పైట చెంగు పచ్చిపాలల్లో ముంచి ఆ పిల్ల కళ్లమీద వేసింది, తీసింది, మళ్లీ వేసింది. వాడు బడిలో తన్నులు తినబోయే పిల్లోడి మాదిరి చేతులు వెనక్కి పెట్టుకుని, మెడ మటుకు ముందుకు చాచి, ఉఫ్ ఉఫ్ అని ఊదతా ఉన్నాడు. వాడి కళ్లలోనూ నీళ్లు. తుడుచుకోవడానికి లేదు గదా, అట్టాగే కారనిచ్చాడు.

కాసేపటికి నీలిమ ఒక కన్ను తెరిచింది. ముందుగా ఆ వెనక్కి కట్టుకున్న చేతుల్ని చూసింది.

"అప్పుడు కూడా ఇట్టాగే మండింది," అంది. "తలంటుకున్న రోజు."

శివనాగరాజు తల దించుకున్నాడు. "షాంపూ కాదు. నువ్వు తువ్వాలు అడిగితే, నేను కల్లంనుంచి వస్తా వస్తా భుజాన ఉన్నది ఇచ్చేశా. నీ కళ్లు వాచినాక తెలిసింది. చెప్పడానికి మొహం చెల్లలా. అప్పటినుంచి నాకు నా చేతులంటేనే భయం."

"చెప్పి చావొచ్చుగా."

"చెబితే దగ్గరికి రానివ్వవేమోనని."

"నువ్వే రాకపోతివి గదరా."

కల్లంలో ఆడోళ్లంతా ఏరడం ఆపి వింటున్నారు. టీ దగ్గర నా నోట సంగతంతా విన్న చెన్నమ్మ అడిగింది, "మరి ఆ ఫోనులో ఊఁ ఊఁ ఏందిరా? అది కూడా కారమేనా?"

"ఫోను నిండా కారమే నాయనమ్మా. చెవికి పెట్టుకుంటే చెవి బొబ్బలెక్కింది. ప్లాస్టిక్ కవర్లో పెట్టి గుంజకు తగిలించా. స్పీకర్ పెడితే రామాయమ్మత్త వాళ్లంతా వింటారు. వాళ్లముందు ఏం మాట్లాడను?"

"మాట్లాడొచ్చు," అంది రామాయమ్మ. "మాకూ పొద్దుపోవట్లా."

నీలిమకు నవ్వొచ్చింది. నవ్వితే కన్ను మండింది, మండితే మళ్లీ నీళ్లొచ్చినయ్. చెయ్యి ఎత్తబోయింది. "తుడవబాక," అని కల్లమంతా ఒక్క గొంతుతో అరిచింది. మీసం ఒకసారి తడిమి చూసుకున్నా, యాడున్నది ఆడే ఉంది.

అప్పుడు ఆ పిల్ల తన అరచేతుల వంక చూసుకుంది. ఎర్రగా కందినయ్, ఇప్పుడు మంట మొదలైనట్టుంది. లేచి మావాడి వెనక్కి పోయి, వాడి వీపు వెనకున్న చేతుల్ని పట్టుకుంది.

"వద్దే, కారం," అన్నాడు వాడు.

"నావీ కారమే. ఇంక భయమేంది?"

వాడు చేతులు ముందుకు తెచ్చాడు. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకుని ఆ ఎర్రటి కాయల మధ్య నిలబడ్డారు. సాయంత్రం బస్సు రోడ్డు మీద హారన్ కొట్టుకుంటా వచ్చింది. ఎవరూ అటు చూడలేదు. సంచీ మళ్లీ ఇంటికి నేనే మోశా. పెద్దరికం అంటే అదే గదా.

ఆ రోజునుంచి పిల్ల రోజూ మధ్యాన్నం కల్లానికి వచ్చి కూర్చునేది. చేతులకు గుడ్డ చుట్టుకునేది గానీ, సాయంత్రమయ్యేటప్పటికి దాన్ని కావాలని విప్పేసేది. ఎందుకో నేను చెప్పను.

ఉగాదికి ముందు పంట గుంటూరు పోయింది. శివనాగరాజు నూనె రుద్ది, శనగపిండితో తోమి, మళ్లీ నూనె రుద్ది, పెళ్లికొడుకు మాదిరి తయారయ్యాడు. మా వసారాలోనే చెన్నమ్మ బెల్లం గడ్డ కొట్టి ముక్క చేతికిచ్చింది. వాడు వేళ్లతో బాగా నలిపి నీలిమ నోట్లో పెట్టాడు.

నీలిమ కళ్లు మూసుకుని చప్పరించింది. మేం ముగ్గురం ఆమె నోటి వంకే చూస్తున్నాం.

"కారం," అంది.

వాడి మొహం మాడిపోయింది. "నిజంగానా?"

"నమ్మకపోతే ఇంకో ముక్క పెట్టు."

వాడు పెట్టాడు. ఆ పిల్ల ఈసారీ కారమే అంది, మళ్లీ నోరు తెరిచింది. గడ్డలో సగం అయిపోయేదాకా కారం దిగలేదు. మావాడు అమాయకుడు, ఒక్కొక్క ముక్క పెట్టినప్పుడల్లా వేళ్లు వాసన చూసుకుంటున్నాడు.

నేను చెన్నమ్మ వంక చూశా. చెన్నమ్మ నా వంక చూడకుండా పైట నోటికడ్డం పెట్టుకుంది.

"ఏమే, ఆ ఏడు నెల దాకా నువ్వు కారం అన్నది కోపంతో కాదా?" అన్నా.

"కోపమని ఎవరు చెప్పారు నీకు?" అంది చెన్నమ్మ.